ఘాట్ రోడ్డు మీద రాలే బ్రేకు ధూళిని కొలవాలి

సంపాదకులకు నమస్కారం.

ఆర్యా,

తిరుమల నుంచి కిందికి దిగే ఘాట్ రోడ్డు అలిపిరి దగ్గర ముగిసే చోట కాసేపు నిలబడిన వారెవరికైనా ఒక ఘాటైన వాసన తెలుస్తుంది. అది డీజిలు పొగ వాసన కాదు, కాలిన బ్రేకు లైనరు వాసన. లైనరు అంటే రాపిడితో చక్రాన్ని ఆపుతూ అరిగిపోయే పట్టీ. బస్సుల వర్క్‌షాపులో 31 ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన నేను ఆ వాసనను ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టగలను. అది వచ్చిందంటే ఎక్కడో ఒక బండి బ్రేకు మితిమీరి వేడెక్కిందనీ, దాని లైనరు సన్నని పొడిగా రాలుతున్నదనీ అర్థం. వాహన కాలుష్యం మీద మీ పత్రికలో వార్తలూ వ్యాసాలూ తరచుగా వస్తున్నాయి, వాటిని శ్రద్ధగా చదువుతున్నాను. అయితే ఆ చర్చ అంతా సైలెన్సరు గొట్టం దగ్గరే ఆగిపోతున్నది. చక్రాల దగ్గర, అంటే బ్రేకుల నుంచీ టైర్ల నుంచీ పుట్టే ధూళి గురించి మన రాష్ట్రంలో ఎవరూ మాట్లాడడం లేదన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

మా వర్క్‌షాపులో ఒక పాత త్రాసు ఉండేది. అరిగిపోయిన బ్రేకు షూల నుంచి విప్పిన లైనర్లను తుక్కు కింద లెక్క రాసే ముందు దాని మీద తూచేవాళ్లం. కొత్త లైనరు బరువు ఎంతో స్టోరు పుస్తకంలో ఉండేది కనుక, అరిగి పోయినది ఎంతో తెలుసుకోవాలంటే ఒక్క తీసివేత చాలు. ఆ తీసివేత మేము ఏనాడూ చేయలేదు. లైనరు అరగడం బండి నడిచినందుకు అయ్యే ఖర్చు అనుకున్నామే తప్ప, అరిగిన ఆ భాగం ఎక్కడికి పోయిందని మాలో ఎవరమూ అడగలేదు. అది మాయమైపోలేదు. కొంత డ్రమ్ములో నల్లని పొడిగా మిగిలింది, కొంత రోడ్డు మీద పడింది, తక్కినది గాలిలో కలిసి రోడ్డు పక్కన నడిచేవారి ఊపిరిలోకి చేరింది. మైదానపు రూట్లలో తిరిగే బస్సుల కంటే ఘాట్ బస్సులకు లైనర్లు చాలా త్వరగా మార్చవలసి వచ్చేది. ఆ తేడా అంతా శేషాచలం కొండల మలుపుల్లోనే రాలిందని ఇన్నేళ్ల తరువాత నాకు తోస్తున్నది.

బ్రేకు అంటేనే అరగడానికి పెట్టిన వస్తువు. కారు ముందు చక్రాల్లో తిరిగే ఇనుప డిస్కును రెండు ప్యాడ్లు చెరొక వైపు నుంచి నొక్కిపడతాయి. చాలా బస్సుల్లోనూ, ఆటోల్లోనూ, అనేక కార్ల వెనక చక్రాల్లోనూ డ్రమ్ము లోపల షూలు విచ్చుకొని దాని గోడను రాసుకుంటాయి. రెండు పద్ధతుల్లోనూ బండి వేగం వేడిగా మారుతుంది, ఆ క్రమంలో ప్యాడూ అరుగుతుంది, డిస్కూ అరుగుతుంది. ఆ పొడిలో ఎక్కువ భాగం ఇనుము. ప్యాడు తయారీలో వాడిన మిశ్రమాన్ని బట్టి రాగి, బేరియం, జింకు, యాంటిమొనీ వంటివీ అందులో ఉంటాయి. రాలిన పొడిలో సుమారు సగం గాలిలో తేలుతుందని పరిశోధకుల అంచనా. మామూలు వేడిలో రాలే రేణువులు కొంచెం పెద్దవి. డిస్కు వేడి 200 డిగ్రీల ప్రాంతానికి చేరితే మాత్రం ప్యాడును పట్టి ఉంచే బంక పదార్థాలు ఆవిరై, ఆ ఆవిరి మళ్లీ చల్లబడి, మైక్రోమీటరులో (అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులో) పదో వంతు కన్నా చిన్న రేణువులు అసంఖ్యాకంగా పుడతాయి. కంటికి కనిపించని ఈ రేణువులు ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా వెళ్లగలవు. అలిపిరి దగ్గర ముక్కుకు తగిలేది ఆ ఆవిరే.

ఈ ధూళి కొత్తగా పుట్టినది కాదు కదా, ఇప్పుడే ఎందుకు మాట్లాడాలి అని పాఠకులు అడగవచ్చు. పొగ తగ్గింది కనుక మాట్లాడాలి. వాహనాల పొగకు ప్రభుత్వం పెట్టిన భారత్ స్టేజి 3 (బీఎస్ 3) ప్రమాణాల కాలంలో డీజిలు కారు పొగగొట్టం నుంచి కిలోమీటరుకు 50 మిల్లీగ్రాముల రేణువులు రావడానికి అనుమతి ఉండేది. బీఎస్ 4లో దానిని 25కు తగ్గించారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చిన బీఎస్ 6లో అది 4.5 మిల్లీగ్రాములు. అంటే ఒకప్పటి దానిలో పదకొండో వంతు. ఇది ఇంజనీర్ల గొప్ప విజయం, పాత ఇంజన్ల మసి చేతులారా కడిగిన నాకు దాని విలువ బాగా తెలుసు. అయితే పొగ ఇలా తగ్గుతున్నంత కాలమూ బ్రేకు ధూళికి గానీ టైరు ధూళికి గానీ మన దేశంలో ఒక్క మిల్లీగ్రాము పరిమితి కూడా పెట్టలేదు. పొగ తగ్గేకొద్దీ మొత్తంలో ఈ ధూళి వాటా పెరుగుతూ వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వానికి సలహా ఇచ్చే వాయు నాణ్యత నిపుణుల బృందం 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అక్కడి రోడ్డు రవాణా నుంచి నేరుగా వెలువడే పీఎం 2.5 రేణువుల్లో (2.5 మైక్రోమీటర్లు, అంతకన్నా చిన్నవి) 60 శాతం, పీఎం 10 రేణువుల్లో (10 మైక్రోమీటర్లు, అంతకన్నా చిన్నవి) 73 శాతం పొగగొట్టం నుంచి వచ్చేవి కావు. అవి బ్రేకులు, టైర్లు, రోడ్డు ఉపరితలం అరగడం వల్ల పుట్టేవి.

మనం ప్రతి ఆరు నెలలకో, ఏడాదికో బండి తీసుకువెళ్లి తెచ్చుకునే పొల్యూషన్ సర్టిఫికెట్‌లో ఈ ధూళి గురించి ఒక్క గడి కూడా లేదు. పెట్రోలు బండికి గొట్టంలో కొన్ని వాయువులు కొలుస్తారు, డీజిలు బండికి పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తారు. ఆ పరీక్ష అవసరమే, దానిని తీసివేయమని నేను అనడం లేదు. ఆ కాగితం చేతిలో ఉంటే తన బండి నుంచి కాలుష్యమే రావడం లేదని యజమాని నమ్ముతున్నాడు, అదే ఇబ్బంది.

ఐరోపా సమాఖ్య 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధన ఈ ధోరణిని మార్చింది. బ్రేకుల నుంచి వచ్చే పీఎం 10 రేణువులకు ప్రపంచంలో తొలిసారిగా అది పరిమితి విధించింది. పెట్రోలు, డీజిలు, హైబ్రిడ్ కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, పూర్తి విద్యుత్ కార్లకు 3 మిల్లీగ్రాములు. 2026 నవంబరు చివరి నుంచి కొత్తగా ఆమోదం పొందే కార్ల నమూనాలకు ఇది వర్తించేలా గడువు పెట్టారు. టైర్ల అరుగుదలకు కూడా పరిమితులు నిర్ణయించేలా అందులోనే ఏర్పాటు చేశారు. ఇక్కడ ఒక పోలిక గమనించాలి. పొగగొట్టానికి మన బీఎస్ 6 ఇచ్చిన పరిమితి 4.5 మిల్లీగ్రాములైతే, ఒక్క బ్రేకులకే ఐరోపా ఇచ్చిన పరిమితి 7. నిబంధనను తుచ తప్పకుండా పాటించిన కారు కూడా పొగ రూపంలో వదలగల దానికంటే బ్రేకు పొడి రూపంలో ఎక్కువ వదలవచ్చునన్నమాట. ఇంత కాలం మనం ఏ వైపు చూస్తూ ఉండిపోయామో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఇక మా ఊరి సంగతికి వస్తాను. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డును ఇప్పుడు దిగడానికి, తరువాత వేసిన రెండో దానిని ఎక్కడానికి వాడుతున్నారు. తిరుమలకూ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. ఒకటిన్నర టన్నుల కారు ఆ ఎత్తు నుంచి దిగిందంటే దానిలో దాగి ఉన్న కరెంటు మీటరు లెక్కలో దాదాపు మూడు యూనిట్ల శక్తి ఎక్కడో ఒక చోట ఖర్చు కావాలి. ఆ శక్తితో సుమారు 30 లీటర్ల చల్లని నీటిని మరిగించవచ్చు. పదహారు టన్నుల బస్సుకైతే ఆ లెక్క 30 యూనిట్లు దాటుతుంది. అందులో కొంత టైర్ల రాపిడికీ గాలి నిరోధానికీ పోతుంది, మిగిలినదంతా ఇంజన్ అయినా ఆపాలి, బ్రేకు అయినా ఆపాలి. తక్కువ గేరులో దిగే బండిలో ఆ భారాన్ని ఇంజన్ మోస్తుంది, బ్రేకు మీద కాలు అప్పుడప్పుడు మాత్రమే పడుతుంది. పెద్ద గేరులోనో, అంతకన్నా దారుణంగా న్యూట్రల్‌లోనో దించితే భారమంతా లైనర్ల మీద పడుతుంది. అప్పుడే వాసన వస్తుంది, అప్పుడే పొడి రాలుతుంది, మరీ వేడెక్కితే బ్రేకు పట్టకుండా పోయి ప్రాణాల మీదికే వస్తుంది.

ఘాట్ రోడ్డు దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నియమం ప్రమాదాలు తగ్గించడానికి పెట్టినది, అది మంచి నియమం. అయితే నిదానంగా దిగినంత మాత్రాన బ్రేకు అరుగుదల తగ్గదని యాత్రికులకు ఎవరైనా చెప్పాలి. కొండ ఎత్తు మారదు కనుక 30 నిమిషాల్లో దిగినా 40 నిమిషాల్లో దిగినా వదిలించుకోవలసిన శక్తి ఇంచుమించు అంతే. 40 నిమిషాలూ బ్రేకు పెడలు మీద కాలు ఆనించి దిగిన బండి నియమాన్ని పాటిస్తూనే దారి పొడవునా లైనరును తురుముకుంటూ వస్తుంది. మైదానపు రోడ్ల మీదే బండి నడిపి అలవాటైన వారికి ఈ సంగతి తెలియకపోవడం వారి తప్పు కాదు. కొండ మీద దిగుడు మొదలయ్యే చోటే ‘రెండో గేరులో దిగండి’ అని తెలుగు, తమిళం, కన్నడం, హిందీ భాషల్లో పెద్ద అక్షరాలతో బోర్డులు పెట్టి, ఆటోమేటిక్ గేరు బండ్లలో ఏ మీట వాడాలో బొమ్మతో చూపిస్తే, నామమాత్రపు ఖర్చుతో ధూళీ తగ్గుతుంది, ప్రమాదాలూ తగ్గుతాయి. అలిపిరి మెట్ల దారిలో వెళ్లే భక్తులు మోకాళ్ల మెట్టుకు చేరే ముందు కొంత దూరం ఈ దిగుడు రోడ్డు పక్కనే నడుస్తారు. గోవింద నామం చెప్పుకుంటూ, ఎక్కే శ్రమకు గట్టిగా ఊపిరి పీల్చుకుంటూ, చాలామంది చంటి పిల్లలను ఎత్తుకొని నడుస్తారు. మామూలు బాటసారి కంటే వారి ఊపిరిలోకి వెళ్లే గాలి ఎక్కువ. ఆ గాలిలో ఏముందో వారికి చెప్పవలసిన బాధ్యత మన మీద ఉంది.

టైర్ల విషయం కొంత వేరు. కారు టైరు ఒక్కొక్కటి తన జీవితకాలంలో కిలో నుంచి కిలోన్నర దాకా రబ్బరును రోడ్డుకు అర్పిస్తుంది. జర్మనీలోని ఆడాక్ అనే వాహనదారుల సంఘం 2021లో ప్రకటించిన పరీక్షల్లో, కారు నాలుగు టైర్లూ కలిసి వెయ్యి కిలోమీటర్లకు సగటున 120 గ్రాములు అరిగినట్టు తేలింది. బరువులో ఇది బ్రేకు పొడికంటే చాలా ఎక్కువ. కానీ ఇందులో గాలిలో తేలే భాగం కొద్దిదే, అధిక భాగం బరువైన రేణువులుగా రోడ్డు అంచుల్లో పడి వానకు కొట్టుకుపోతుంది. పొగ కంటే టైరు ధూళి వెయ్యి రెట్లు ఎక్కువ అన్న మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తున్నది. మట్టిలో పడే మొత్తం బరువును గాలిలో తేలే పొగ రేణువుల బరువుతో పోల్చి చెప్పే ఆ మాట నాకు సమ్మతం కాదు. ఉన్న ముప్పును ఉన్నంతగానే చెప్పాలి. పెంచి చెబితే రేపు ఎవరూ నమ్మరు.

టైరు ధూళి అసలు ముప్పు నీటిలో ఉంది. నేటి టైరు అంటే ఒట్టి రబ్బరు చెట్టు పాలు కాదు, అందులో పెట్రోలియం నుంచి తీసిన కృత్రిమ రబ్బరు, మసి, అనేక రసాయనాలు ఉంటాయి. ఎండకూ గాలికీ టైరు పగలకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోనుతో కలిసి 6పీపీడీ-క్వినోన్ అనే కొత్త పదార్థంగా మారుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, వాన పడిన ప్రతిసారీ పట్టణపు వాగుల్లో కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే చచ్చి తేలడానికి కారణం ఈ పదార్థమేనని 2020 డిసెంబరులో శాస్త్రవేత్తలు నిర్ధారించారు. లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాము కన్నా తక్కువ ఉన్నా ఆ చేపలకు ప్రాణాంతకం. అదే జాతికి దగ్గరి చుట్టమైన చమ్ సాల్మన్‌కు మాత్రం అది అంతగా హాని చేయలేదు. కనుక మన చేపలకు ఏమవుతుందో అమెరికా చేపలను చూసి చెప్పలేం, మన నీటిలో మన చేపల మీదే పరీక్షించాలి. బ్రేకు ప్యాడ్లలో రాగి సంగతి కూడా అక్కడ నీటి నుంచే మొదలైంది. వాగుల్లోకి చేరే రాగి చేపలకు చేటు చేస్తున్నదని గమనించి కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు 2010లో చట్టాలు చేసి, ప్యాడ్లలో రాగిని 2021 నాటికి బరువులో 5 శాతానికి, 2025 నాటికి అర శాతానికి పరిమితం చేయాలని గడువులు పెట్టాయి. కంపెనీలు రాగి లేని ప్యాడ్లు తయారుచేశాయి, అక్కడి బండ్లు ఇప్పటికీ నిక్షేపంగా ఆగుతున్నాయి.

శేషాచలం 2010 నుంచి జీవావరణ పరిరక్షణ మండలం (బయోస్ఫియర్ రిజర్వ్). ఆ అడవిలోని వాగులూ, కపిలతీర్థంలోకి దూకే ధారా కొండ మీద కురిసిన వాననే కిందికి తెస్తాయి. ఘాట్ రోడ్డు మీద పడిన వాన కూడా రోడ్డు పక్క కాలువల గుండా అడవిలోకే పోతుంది. తిరుమలలో ప్లాస్టిక్‌ను నిషేధించి, అలిపిరి తనిఖీ కేంద్రంలో యాత్రికుల సంచుల్లోని నీళ్ల సీసాలను కూడా తీసివేయించడం ఎంతో మెచ్చుకోదగిన పని. కాని అదే తనిఖీ కేంద్రం దాటి వెళ్లే ప్రతి టైరూ కృత్రిమ రబ్బరు పొడిని రాలుస్తూ పోతుంది, అది కూడా కంటికి కనిపించని ప్లాస్టిక్ ధూళి కోవలోకే వస్తుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అంచనా ప్రకారం, ప్రపంచవ్యాప్తంగా ఏడాదికి మనిషి ఒక్కరికి సగటున 0.81 కిలోల టైరు పొడి పర్యావరణంలోకి చేరుతున్నది. సీసాను ఆపగలిగిన శ్రద్ధలో కొంత దీనివైపూ మళ్లాలి.

ఆరోగ్యం గురించి నేను వైద్యుడిలా మాట్లాడలేను. 2025లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగశాలలో పెంచిన ఊపిరితిత్తి కణాల మీద వివిధ రకాల బ్రేకు పొడినీ, డీజిలు పొగ రేణువులనూ ప్రయోగించి చూసినప్పుడు, రాగి ఎక్కువగా ఉన్న ప్యాడ్ల పొడి డీజిలు రేణువుల కంటే ఎక్కువ హాని చేసిందని తేలింది. అది గాజు పాత్రలో జరిగిన ప్రయోగమే తప్ప మనుషుల మీద చేసినది కాదని ఒప్పుకుంటాను. అయినా ఆ ఫలితం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా వర్క్‌షాపుల్లో డ్రమ్ము విప్పగానే లోపలి పొడిని కంప్రెసర్ గాలితో ఊదేయడం దశాబ్దాల అలవాటు. ఆ గాలి తగలగానే షెడ్డంతా నల్లని మబ్బు లేచేది. ముక్కుకు కట్టుకోవడానికి తువ్వాలు తప్ప మరొకటి ఉండేది కాదు. ఆ రోజుల్లో లైనర్లలో ఆస్బెస్టాస్ నార కూడా ఉండేది. నాతో పాటు పనిచేసిన వారిలో దగ్గుతో బాధపడని వారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దానికి ఈ పొడే కారణమని నేను రుజువు చేయలేను. కాని ఈనాటికీ రోడ్డు పక్కన పది పన్నెండేళ్ల అనుభవమున్న మెకానిక్కూ, పక్కన పని నేర్చుకునే కుర్రవాడూ అదే గాలి గొట్టంతో అదే పొడిని ఊదుతుంటే చూసి ఊరుకోలేకపోతున్నాను. తడి గుడ్డతో తుడవడం, నీళ్లలో కొంచెం సబ్బు కలిపి బ్రష్షుతో కడగడం, ఆ నీటిని కాలువలోకి వదలకుండా ఒక డబ్బాలో పట్టడం పెద్ద ఖర్చు కాదు. ప్రతి గ్యారేజీకీ ఈ మాట చేరవేయడానికి కొత్త చట్టం అక్కరలేదు, రవాణా శాఖ, కార్మిక శాఖ కలిసి ఒక్క కరపత్రం పంచినా మొదలవుతుంది.

విద్యుత్ వాహనాలు వస్తే ఇదంతా తీరిపోతుందన్న మాట సగమే నిజం. ఘాట్ రోడ్డుకు సంబంధించి ఆ సగం చాలా విలువైనది. 2022 సెప్టెంబరులో తిరుపతి, తిరుమల మధ్య విద్యుత్ బస్సులు మొదలైనప్పుడు ఒక ప్రయాణికుడిగా కొండ దిగుతూ, బ్రేకు పెడలు మీద డ్రైవరు కాలు ఎంత తక్కువగా పడుతున్నదో గమనించాను. దిగుడులో మోటారే జనరేటరుగా మారి బస్సును నిలువరిస్తూ ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. ఇందాక చెప్పిన 30 యూనిట్లలో సగం తిరిగి రాబట్టినా ఒక్కో దిగుడుకు 15 యూనిట్లు మిగిలినట్టే, అంత మేరకు లైనరు అరగనట్టే. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కొండ మీద బ్యాటరీని నిండా చార్జి చేసి దించితే తిరిగి వచ్చే శక్తి ఇమడడానికి చోటుండదు, అప్పుడు పాత బ్రేకులే పని చేయాలి. కనుక చార్జింగు కింద, తిరుపతిలో జరగాలి. టైర్ల విషయంలో విద్యుత్ బండి మెరుగు కాదు. బ్యాటరీ బరువు వల్ల, మొదటి క్షణం నుంచే వచ్చే గట్టి లాగుడు వల్ల దాని టైర్లు మరింత అరిగే వీలుంది. బరువు తక్కువ ఉన్న విద్యుత్ వాహనాల వల్ల మొత్తం ధూళి తగ్గుతుందనీ, పెద్ద బ్యాటరీలున్న బరువైన వాటి వల్ల పీఎం 2.5 కొంచెం పెరగవచ్చనీ ఆర్థిక సహకారం కోసం ఏర్పడిన దేశాల సంస్థ ఓఈసీడీ 2020లోనే హెచ్చరించింది. ఒంటరిగా ఒక మనిషిని మోసే రెండు టన్నుల విద్యుత్ కారుకు ఇచ్చే పన్ను రాయితీ, 40 మందిని మోసే విద్యుత్ బస్సుకు ఇచ్చే రాయితీ ఒక్క గాటన కట్టవలసినవి కావని నా అభిప్రాయం. కొండ మీదికి సొంత కార్లు తగ్గి బస్సులు పెరిగితే బ్రేకు ధూళీ టైరు ధూళీ రెండూ తగ్గుతాయి.

అన్నింటికన్నా ముందు కొలవడం మొదలుకావాలి. తిరుమలలోనూ తిరుపతిలోనూ కాలుష్య నియంత్రణ మండలి గాలి నాణ్యత కేంద్రాలు ఉన్నాయి. అవి పీఎం 10 ఎంత, పీఎం 2.5 ఎంత అని చెబుతాయి, ఆ రేణువు వంట పొగదా, మట్టిదా, బ్రేకుదా అన్నది చెప్పవు. 2009లో నోటిఫై చేసిన జాతీయ వాయు నాణ్యతా ప్రమాణాల్లోని 12 కాలుష్యకాల్లో సీసం, ఆర్సెనిక్, నికెల్ ఉన్నాయి కాని, బ్రేకు పొడికి గుర్తులైన రాగి, బేరియం, యాంటిమొనీ లేవు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో మన రాష్ట్రం నుంచి 13 నగరాలను చేర్చినా వాటిలో తిరుపతి లేదు. ఇన్ని లోటుల మధ్య మనకు ఒక అదృష్టం కూడా ఉంది. వాతావరణాన్ని పరిశోధించే జాతీయ ప్రయోగశాల పక్కనే గాదంకిలో ఉంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, ఐఐటీ, విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధనల సంస్థ ఐసర్ మా ఊళ్లోనూ చుట్టుపక్కలా ఉన్నాయి. ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఒక రోడ్డు విడివిడిగా ఉండి, రెండింటి మీదా అవే బండ్లు నడిచే ఇటువంటి చోటు పరిశోధకులకు సులభంగా దొరకదు. ఎక్కే రోడ్డు పక్కన పొగ ఎక్కువ, బ్రేకు తక్కువ. దిగే రోడ్డు పక్కన బ్రేకు ఎక్కువ, పొగ తక్కువ. రెండు చోట్లా వడపోత కాగితాలు పెట్టి వాటిలోని లోహాలను పోల్చి చూస్తే బ్రేకుల వాటా ఎంతో తేటతెల్లమవుతుంది. తొలకరి వానకు ముందూ తరువాతా రోడ్డు పక్క కాలువల్లోని మట్టినీ నీటినీ పరీక్షిస్తే టైరు సంగతి తెలుస్తుంది.

కేంద్ర రోడ్డు రవాణా శాఖకు చేయవలసిన విన్నపం కూడా ఒకటుంది. బ్రేకు ధూళిని ప్రయోగశాలలో కొలిచే విధానాన్ని ఐక్యరాజ్యసమితి వేదిక 2023లోనే ప్రపంచ సాంకేతిక నిబంధనగా ఆమోదించింది, ఆ నిబంధనలకు మూలమైన 1998 నాటి ఒప్పందంలో మన దేశమూ భాగస్వామి. కొలిచే పద్ధతి లేదన్న సాకు ఇక చెల్లదు. టైర్లకు మనం ఇటీవల తప్పనిసరి చేసిన ఏఐఎస్ 142 ప్రమాణంలో దొర్లుడు నిరోధం, తడి రోడ్డు మీద పట్టు, చప్పుడు ఉన్నాయి కాని అరుగుదల లేదు. టైరు ఎన్ని గ్రాములు అరుగుతుందో దాని మీదే ముద్రించి ఉంటే, ఎక్కువ కాలం మన్నే టైరును మనవాళ్లు తప్పకుండా ఎంచుకుంటారు, ఎందుకంటే అది వారి జేబుకూ మంచిదే. ఈలోగా గాలి సరిగా కొట్టించుకోవడం, చక్రాల అలైన్‌మెంటు చూపించుకోవడం, హద్దు మీరి బరువు ఎక్కించకపోవడం వల్ల కూడా అరుగుదల బాగా తగ్గుతుంది.

ఘాట్ రోడ్డును ఊడ్చే పద్ధతి కూడా మారాలి. పొడి చీపురుతో ఊడిస్తే పడిన ధూళి మళ్లీ గాలిలోకే లేస్తుంది, ముందుగా దానిని పీల్చేది ఊడ్చే మనిషే. మలుపుల దగ్గర నీళ్లు చిలకరించి, పీల్చే యంత్రంతో తీయించాలి. రోడ్డు కాలువలు అడవిలోకి దిగే చోట ఇసుక, మట్టి నిలిచే చిన్న తొట్లు కట్టి వానాకాలానికి ముందు వాటిని శుభ్రం చేయించాలి.

నా దగ్గర పెద్ద చదువు లేదు, పరికరాలు లేవు. కాని ఆ రోడ్డులో ఏ మలుపు ముందు డ్రైవర్లు గట్టిగా బ్రేకు తొక్కుతారో, ఏ దిగుడులో లైనర్లు వేడెక్కడం మొదలవుతుందో, వాసన మొదటగా ఎక్కడ వస్తుందో నాకు తెలుసు. పైన చెప్పిన సంస్థల్లో ఎవరైనా ఈ ధూళిని కొలవడానికి పూనుకుంటే, వడపోత కాగితాలు ఎక్కడెక్కడ పెట్టాలో వెంట వచ్చి చూపించడానికీ, గ్యారేజీల నుంచి అరిగిన లైనర్లను సేకరించి, ఈసారైనా ఆ తీసివేత చేసి వారికి అప్పగించడానికీ నేను సిద్ధంగా ఉన్నాను. ఈ లేఖను మీ పత్రిక ద్వారా వారి దృష్టికి తీసుకువెళ్లవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
బస్సుల వర్క్‌షాపు విశ్రాంత ఉద్యోగి,
తిరుపతి.